గోడ నంబర్ నలభై ఒకటి

114వ రోజు, మొదటి షిఫ్టు

ఫిర్యాదు ఇచ్చినది: చంద్రకళ టీచర్, కింది వాడ బడి.
ఫిర్యాదు: పిల్లలు నిన్న చేసిన లెక్కలు కనబడడం లేదు. వాటి స్థానంలో మొన్నటివి ఉన్నాయి.

మొదట నమ్మలేదు. నమ్మకపోవడం నా ఉద్యోగంలో సగం పని. పైన ఎండకు తాళలేక మేమంతా కాపురం పెట్టుకున్న ఈ బొగ్గు బావిలో డిస్కులు బాగుచేసే మనిషిని నేనొక్కదాన్నే. ఎవరు ఏ మీట తప్పు నొక్కినా తిట్లు పడేది మదునమ్మకే.

"ఏం నొక్కినవో చూసుకున్నవా టీచరమ్మా?" అని ఫోన్లోనే కసిరాను.

"అక్కా, నేను తప్పు నొక్కిననే అనుకో. ముప్పై రెండు మంది పిల్లలు ఒక్క తీరుగ అబద్ధం చెప్తరా? హోంవర్క్ చెయ్యలేదని అందర్ని నిలవెట్టిన. ఏడ్చి ఏడ్చి సొక్కిన్రు. ఇప్పుడు నాకే సిగ్గైతున్నది."

డిస్కు గదికి వెళ్ళి చూశాను. పద్నాలుగు డిస్కులు, తెర మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఎర్రర్ల సంఖ్య సున్నా. పోయిన వారం సున్నా, పోయిన ఏడాది సున్నా, వెనక్కి తిప్పుకుంటూ పోతే పన్నెండేళ్ళుగా సున్నా. ఎంత గట్టి మనిషికైనా పన్నెండేళ్ళలో ఒక్కసారి దగ్గు రాకుండా ఉంటుందా? ఈ ముక్క నాకు ఇవాళే తట్టింది. ఇంతకాలం ఆ సున్నాను చూసి మురిసిపోయాను, బుద్ధిలేనిదాన్ని.

ఈ లాగ్ ఇవాళ్టి నుంచి కాగితం మీద రాస్తున్నాను. డిస్కును అనుమానిస్తూ ఆ అనుమానాన్ని తీసుకెళ్ళి డిస్కులోనే దాచుకోవడం తెలివైన పని కాదు.

115వ రోజు, మొదటి షిఫ్టు

డిస్కులో బడి లెక్కలు ఉండే గడి, అదే బ్లాకు, దొరికింది. అందులో "మదునమ్మ వచ్చింది" అని రాయించాను. రాశానంది డ్రైవర్ ప్రోగ్రాం. చదవమంటే "మదునమ్మ వచ్చింది" అనే చదివింది. ఇంకేం, టీచర్‌దే తప్పు అని లేవబోయి, ఎందుకో మనసొప్పక ఆగాను. మెమరీ మొత్తం తుడిచేసి, ఈసారి అచ్చంగా డిస్కులోంచే చదవమన్నాను.

"పదిహేడు ఎనిమిదులు నూట ముప్పై ఆరు" అని వచ్చింది. ఎవరో పిల్ల అటుమొన్న చేసిన లెక్క.

ఒళ్ళు మండిపోయింది. డ్రైవర్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. పైనున్న ప్రోగ్రాముల మాట డిస్కుకు, డిస్కు మాట పైకి మోసే నౌకరు. ఈ నౌకరు చేస్తున్న పని ఏమిటంటే, కింద డిస్కు "నావల్ల కాదు" అని మొత్తుకుంటుంటే పైకి వచ్చి "అయిపోయిందండీ" అని చెప్పడం. రాయలేనిది రాశానంటున్నాడు. చదవలేనిదానికి బదులు పాత నకలు తెచ్చి చేతిలో పెడుతున్నాడు.

మధ్యాహ్నం ఓదెలు అన్నానికి వచ్చాడు. నా మొగుడు. కింది వాడ చివర పంపుల దగ్గర పెద్ద దిక్కు అతనే. జొన్నరొట్టె, పుంటికూర పెట్టి నా బాధంతా వెళ్ళబోసుకున్నాను.

"నీకు గా డిస్కులతోని లొల్లి తప్పదు," అన్నాడు నవ్వుతూ. "మా దిక్కు ఏ రంది లేదు. గోడ నంబర్ నలభై ఒకటి. పద్నాలుగు దినాలాయె, కదలనే లేదు. కరెంటు ఖర్చు ఎందుకని రెండు పంపులు బంద్ పెట్టినం."

"అదృష్టవంతుడివి," అన్నాను. నిజంగానే కుళ్ళుకున్నాను కూడా. ఆ గోడకు అవతల పాత బావి ఉంది, దాని నిండా నీళ్ళు. పంపులు ఆ నీళ్ళు తోడుతుంటాయి, అవి గోడను ఎంత నొక్కుతున్నాయో గోడ నంబర్ చెబుతుంది. ఇవతల రెండు వందల పన్నెండు మంది సంసారాలు చేసుకుంటున్నారు. అంత పెద్ద బాధ్యత మోస్తూ మనిషి హాయిగా రొట్టె తింటున్నాడు. నేనేమో పిల్లల ఎక్కాల కోసం జుట్టు పీక్కుంటున్నాను.

116వ రోజు, మొదటి షిఫ్టు

డ్రైవర్ ప్రోగ్రాం విప్పి చదివాను. మూడు వేల పైచిలుకు లైన్లు. పదకొండు వందల చిల్లర దగ్గర దొరికింది. అక్కడ ఎవరో ఒక మాట రాసి పెట్టారు.

"మూడుసార్లు అడుగు. ఇవ్వకపోతే నకలు ఇవ్వు. లెక్క పెంచకు. పైకి చెప్పకు. — మ."

ఎవరో ఏమిటి, నేనే. మ అంటే మదునమ్మ.

రాయాలంటే చేయి ఆడడం లేదు. అయినా రాస్తాను, రాయాలి. పన్నెండేళ్ళ కింద ఒక డిస్కులో ఒకే ఒక్క బ్లాకు చెడిపోయింది. అది గోడ నంబర్ బ్లాకు. నంబర్ చదవలేకపోగానే డిస్కుల యంత్రం కింది వాడలో ఎర్ర దీపం వెలిగించింది. గోడ పగిలిందనుకుని కింది వాడ వాడంతా ఒక్కసారి ఇరుకు దారిలో పడి పైకి ఉరికింది. గోడకు ఏమీ కాలేదు. దారిలో తొక్కిసలాటలో తొమ్మిది మంది పోయారు. అందులో నా చెల్లెలు స్వరూప ఉంది. మనిషి మీద చిన్న గాయం కూడా లేదు, ఊపిరాడక పోయింది.

ఆ తర్వాత బావి కమిటీ పెద్ద గట్టయ్య నన్ను పిలిచి, డిస్కుకు వచ్చే చిల్లర రోగాలకు దీపం వెలగకుండా చూడమన్నాడు. దీపం దగ్గర ఆపమన్నాడు, అంతే. నేను ఇంకా కిందికి దిగి డ్రైవర్ నోరే కట్టేశాను. అప్పుడు నాకు డిస్కు మీద కోపం లేదు, ఆ ఎర్ర దీపం మీద ఉంది. ఇంకెప్పుడూ ఏ కారణానికీ అది వెలగకూడదనుకున్నాను. ఏడుస్తూ ఒక్క షిఫ్టులో రాసేశాను. అది చూసి అందరూ నన్ను మెచ్చుకున్నారు.

కొత్తలో చెడిన బ్లాకులు ఒకటో రెండో ఉండేవి, నకలుతో గడిచిపోయింది. ఇప్పుడు డిస్కులు ముసలివయ్యాయి. ఎన్ని చెడ్డాయో నాకు తెలియదు. తెలియకుండా చేసుకున్నది నేనే.

117వ రోజు, మొదటి షిఫ్టు

డ్రైవర్‌ను పక్కన పెట్టి, వైరు పెట్టి నేరుగా డిస్కులనే అడిగాను. ఏ డిస్కయినా తన రోగాల చిట్టా తన దగ్గరే రాసుకుంటుంది, పాపం, ఎవరూ అడగకపోయినా. చెడిన బ్లాకులు రెండు వేల మూడు వందల పదహారు.

ఏ బ్లాకులో ఏముందో చూస్తూ కూర్చున్నాను. బడి లెక్కలు. పెళ్ళి పాటల రికార్డులు. దీపాల కింద పెంచే కూరగాయల తడి లెక్కలు. చెడిందే చెడింది, ఏం కొంపలు మునగలేదు అనుకుంటూ కిందికి జరుపుతున్నాను. నాలుగో పేజీలో గోడ నంబర్ ఉంది.

ఆ బ్లాకు చెడి పదహారు రోజులైంది. గోడలో ఉన్న యంత్రం ప్రతి గంటా కొత్త నంబర్ పంపుతూనే ఉంది. డ్రైవర్ దాన్ని పారేసి, రాశానని చెప్పి, అడిగినవాళ్ళకు పదహారు రోజుల కిందటి నలభై ఒకటి చూపిస్తూ ఉంది. తెర మీద గడియారం మాత్రం ఏ రోజుకారోజు తిరిగింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

నలభై ఒకటి, కదలనే లేదు, రెండు పంపులు బంద్ పెట్టినం. మొన్న నా ఎదురుగా కూర్చుని రొట్టె తింటూ చెప్పాడు. నేను విని, అదృష్టవంతుడివి అన్నాను.

చెప్పులు కూడా వేసుకోకుండా దిగాను. డిస్కు గది పక్క నుంచి కింది వాడకు పోయే ఇనుప తలుపు దాటి, ఏటవాలు దారిలో ఇరవై రెండు నిమిషాల నడక. ఎంతలో దిగానో తెలియదు. నన్ను చూసి ఓదెలు పరేషాన్ అయ్యాడు.

"ఏమైందే? ఎవలన్న సచ్చిన్రా?"

"పంపులన్ని నడిపియ్యి. నాలుగు నడిపియ్యి. గా నంబర్ అబద్ధం."

"నలభై ఒకటే ఉన్నది కదా, సూడు..."

"అబద్ధమంటుంటే! పదహారు దినాల కింది నంబరది. ఇప్పటిది ఎంతో ఎవలికి తెల్వది."

ఓదెలు నాలుగు పంపులూ నడిపించాడు. మూలనున్న ఇనుప కడ్డీ అందుకున్నాడు. మా తాతల కాలంలో షిఫ్టు ఎక్కగానే ప్రతి మనిషీ కడ్డీతో కప్పునూ గోడనూ కొట్టి చూసేవాడట. ఖంగుమంటే గట్టిది, బోలుగా మోగితే లోపల పగులు. నంబర్ వచ్చాక కొట్టడం మానేశారు. కడ్డీ తుప్పు పట్టి ఉంది.

నడుమెత్తున కొట్టాడు, ఖంగుమంది. ఇంకో రెండడుగులు జరిగి కొట్టాడు, ఖంగుమంది. ఎడమ మూల కొట్టాడు. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది. మళ్ళీ కొట్టబోతే నేనే చేయి పట్టుకుని ఆపాను.

ఆ మూల అరచేయి ఆనించి నిలబడ్డాడు. పంపుల దగ్గర ఉన్న మిగతా ముగ్గురూ మమ్మల్నే చూస్తున్నారు.

"చల్లగున్నది," అన్నాడు ఓదెలు. "మొన్నటిదాక గింత చల్లగ లేకుండె."

117వ రోజు, రెండో షిఫ్టు

కమిటీ గదిలో నేను, ఓదెలు, గట్టయ్య. జరిగిందంతా చెప్పాను. డ్రైవర్ నోరు కట్టేసింది నేనేనని కూడా చెప్పాను. గట్టయ్య డెబ్బై ఏళ్ళ మనిషి. కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఆనాడు నిన్ను పురమాయించింది నేను," అన్నాడు చివరికి. "తప్పు పంచుకుందాం తియ్యి బిడ్డా, గది తర్వాత. ఇప్పుడు అసలు నంబర్ ఎంత?"

"డ్రైవర్ మార్చేదాక తెల్వది అన్నా. కొత్తది రాసిన. చెడిన బ్లాకు ఇడిచి మంచి బ్లాకుల రాస్తది. ఏదన్న చదవలేకపోతే చదవలేకపోయిన అనే చెప్తది, పాతది తెచ్చి ఇయ్యది. కాని అది ఎక్కియ్యాలంటే డిస్కుల యంత్రం తొమ్మిది నిమిషాలు ఆపాలె. యంత్రం ఆగితే పంపులు ఆగుతయి."

ఇద్దరం ఓదెలు వైపు చూశాం.

"తొమ్మిదిస్త," అన్నాడు. "పది ఇయ్య."

"ఎర్ర దీపం?" అన్నాడు గట్టయ్య.

నేను చెప్పబోయేది అతనికి తెలుసు. నిజం చెప్పే డ్రైవర్ ఎక్కగానే దీపం వెలుగుతుంది. రెండు వేల బ్లాకుల గోల ఒక్కసారిగా పైకి పోతుంది. వాడంతా మళ్ళీ అదే ఇరుకు దారిలో పడుతుంది.

"దీపం వైరు పీకేస్త," అన్నాను. "డ్రైవర్ నోరు మాత్రం కట్టను. నంబర్ నా తెర మీద చూస్త, నీకు చెప్త."

"సరే. రాత్రంత పంపులు తోడనియ్యి, రేపు నంబర్ చూసినంక మస్టర్ పిలుద్దాం."

మస్టర్ అంటే మా దగ్గర పేర్లు పిలవడం. తొక్కిసలాట తర్వాత పెట్టుకున్న పద్ధతి. పదేసి పేర్లు మైకులో పిలుస్తారు, పిలిచిన వాళ్ళే గుమ్మం దాటి తలుపు దగ్గరికి వస్తారు. పిలవకుండా ఎవరూ కదలరు, ఇల్లు కాలుతున్నా కదలరు. గట్టిగా నడిచేవాళ్ళను ముందు పిలవాలి, నడవలేని వాళ్ళను చివర. ముసలివాళ్ళు ముందు వస్తే దారి మూసుకుపోతుంది. ఇది నాకు నచ్చదు. కానీ ఇంతకంటే మంచి పద్ధతి నా దగ్గర కూడా లేదు.

బయటికి వస్తుంటే ఓదెలుతో అన్నాను, "నీ పేరు చివరికి ఉంటది."

"పంపులోన్ని ముందు పిలుస్తరా మల్ల?" అని నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి కిందికి పోయాడు.

118వ రోజు, మొదటి షిఫ్టు

యంత్రం ఆపింది 9.04కి.

పాత డ్రైవర్ దిగనంటే దిగనంది. ఏదో ప్రోగ్రాం దాన్ని పట్టుకుని ఉంది. ఏదా అని చూస్తే పెళ్ళి పాటలు. బతుకుల మీదికి వచ్చినప్పుడు పాటలేంటే నీయమ్మ అని దాన్ని చంపేశాను. నాలుగు నిమిషాలు అక్కడే పోయాయి. ఫోన్ చెవికి భుజానికి మధ్య ఇరికించి ఉంది. అవతల పంపుల చప్పుడు లేదు. ఓదెలు ఊపిరి వినబడుతోంది.

"ఎంతైంది?"

"ఆరు. గమ్మునుండు."

కొత్తది ఎక్కింది. డిస్కులు ఒక్కొక్కటే లేచాయి. పదమూడో డిస్కు లేవడానికి మొరాయించి, నా ప్రాణాలు తోడి, లేచింది. ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. పంపుల చప్పుడు మళ్ళీ మొదలైంది. కుర్చీలో కూలబడ్డాను.

ఎర్రర్ల సంఖ్య సున్నా నుంచి ఒక్కో అంకె ఎక్కుతూ రెండు వేల మూడు వందల పదహారు దగ్గర ఆగింది. పన్నెండేళ్ళ మూగ గొంతు విప్పినట్టుంది. దాన్ని చూసి సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

9.20కి గోడ పంపిన కొత్త నంబర్ వచ్చింది. తొంభై మూడు.

ఆ గోడ ఓర్చుకునేది నూట పది వరకు.

118వ రోజు, మొదటి షిఫ్టు, కొనసాగింపు

గట్టయ్య మైకులో గొంతు వణకకుండా పేర్లు చదువుతున్నాడు. మస్టర్ క్లర్కు లక్ష్మీరాజం తలుపు దగ్గర నిలబడి, దాటిన ప్రతి మనిషినీ తెర మీద "పైన" అని గుర్తు పెడుతున్నాడు. ఎందుకు పిలుస్తున్నారో ఎవరికీ చెప్పలేదు. జనం సణుగుతూ వస్తున్నారు. పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చానని ఒకావిడ నన్ను నిలదీసింది. "మాడితే నేను మల్ల వండిపెడత, నడువ్," అన్నాను.

గోడ నంబర్‌ను గంటకోసారి కాక పది నిమిషాలకోసారి పంపేలా మార్చాను. నాలుగు పంపులూ నిండుగా నడుస్తున్నా అది దిగడం లేదు.

10.00. తొంభై నాలుగు. దాటినవాళ్ళు అరవై.

10.50. తొంభై ఆరు. దాటినవాళ్ళు నూట ఇరవై. చంద్రకళ టీచర్ పిల్లలందర్నీ వరసగా నడిపించుకుంటూ వచ్చింది. నా మొహం చూసి పిల్లలను తొందరపెట్టింది.

11.40. తొంభై తొమ్మిది. దాటినవాళ్ళు నూట ఎనభై రెండు. ఇక మిగిలింది ఇరవై ఆరుగురు, నడవలేనివాళ్ళూ వాళ్ళను మోసేవాళ్ళూ. పంపుల దగ్గర నలుగురు.

11.50. "చదవలేకపోయాను."

తెర మీద అంతే ఉంది. మళ్ళీ అడిగాను. "చదవలేకపోయాను." నేను ఎంతో చూసి ఎంచిన మంచి బ్లాకు కూడా పోయింది. లేకపోతే గోడలో యంత్రమే పోయింది. ఏది పోయిందో డ్రైవర్‌కు తెలియదు, తెలియదనే చెప్పింది. నేను రాసినట్టే పనిచేస్తోంది. దాన్ని పగలగొట్టాలనిపించింది. ఒక్క క్షణం, ఇక్కడ దాచను, పాత డ్రైవర్ ఉంటే బాగుండుననిపించింది. తొంభై తొమ్మిది అని చూపించేది.

ఫోన్ తీశాను.

"ఏమే, నంబర్ చెప్పు."

"నంబర్ లేదు."

"లేదంటే?"

"వస్తలేదు. చదవలేకపోయిన అంటున్నది."

"ఇందాక ఎంతుండె?"

"తొంభై తొమ్మిది. గది పది నిమిషాల కింది ముచ్చట. దాని మీద నిలవడకు."

"నూట పదికి ఇంక పదకొండున్నది కద."

"ఉన్నదో లేదో నాకు తెల్వదయ్యా! తెల్వది! ఎన్నిసార్లు చెప్పాలె!"

అవతల నవ్వాడు. ఆ పరిస్థితిలో నవ్వాడు. "ముప్పై ఏండ్ల సంసారంల నీ నోటెంబడి తెల్వదన్న మాట ఇనుడు గిదే మొదలు," అన్నాడు.

తర్వాత పక్కవాళ్ళతో ఏదో అన్నాడు. వాళ్ళు ఒప్పుకోనట్టున్నారు, గట్టిగా కసిరాడు.

"ముగ్గుర్ని పంపిన," అన్నాడు. "పంపులకు ఒక్కడు సాలు."

"నువ్వు గూడ రా."

"ముసలోళ్ళు యాడిదాక వచ్చిన్రు?"

తలుపు దగ్గరికి తొంగి చూశాను. "సగం తొవ్వల ఉన్నరు."

"మరి పంపు బంద్ పెట్టి ఎట్ల రావాలె? ఆళ్ళు తలుపు దాటినంక జెప్పు. అప్పుడు నేను గాలి బావి దిక్కు పోత. తలుపు కన్న అదే దగ్గర. ఫోన్ పెట్టకు."

గాలి బావి అంటే పైకి తెరుచుకునే పాత గాలి గొట్టం. లోపల ఇనుప నిచ్చెన ఉంది. దాన్ని చివరిసారి ఎవరు ఎక్కారో నాకు గుర్తు లేదు.

ఫోన్ పెట్టలేదు. పంపుల చప్పుడు, నడుమ నడుమ కడ్డీతో గోడను కొడుతున్న చప్పుడు. ఒక్కోసారి ఎలా మోగిందో నేనూ వింటున్నాను. ఖంగు అన్నది ఒక్కటీ లేదు. ముగ్గురు పంపువాళ్ళు దారిలో ముసలివాళ్ళను కలిసి, తలా ఒకరిని భుజాన వేసుకుని వచ్చారు. ఇరవై, ఇరవై రెండు, ఇరవై ఐదు. చివర ఒక ముసలామెను మంచంతో సహా దాటించారు.

"దాటిన్రు!" అని అరిచాను. "అందరు దాటిన్రు. ఉరుకు!"

"ఆ," అన్నాడు.

పంపుల చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఇంకో చప్పుడు మొదలైంది. అది ఫోన్లోనే కాదు, కాళ్ళ కింద నేలలోంచి కూడా వచ్చింది. గట్టయ్య, లక్ష్మీరాజం కలిసి ఇనుప తలుపు మూసి గడియలు దిగ్గొట్టారు. నేను ఆపలేదు. ఇటు రెండు వందల పదకొండు మంది ఉన్నారు.

పంపులు ఆగడానికీ గోడ చప్పుడు మొదలవడానికీ మధ్య ఎంత సేపు పట్టిందో నేను చూడలేదు. చూడాల్సింది. నా ఎదురుగానే గడియారం ఉంది. ఆ మధ్య కాలంలో మనిషి గాలి బావి దాకా ఉరకగలడో లేదో లెక్క కట్టేదాన్ని. నేను ఫోన్ వంక చూస్తూ నిలబడ్డాను.

119వ రోజు, మొదటి షిఫ్టు

నీళ్ళు తలుపు దాకా వచ్చి ఆగాయి. తలుపు చెమర్చింది కానీ ఆగింది.

ఎండకు ఒళ్ళు కాలకముందే, పొద్దు పొడవకముందే ముగ్గురు పైకెక్కి గాలి బావి దగ్గరికి పోయి వచ్చారు. మూత మూసే ఉందట. తెరిచి పిలిచారట. లోపల సగం దాకా నీళ్ళున్నాయి, నిచ్చెన మీద ఎవరూ లేరు. కానీ ఆ గొట్టానికి పక్కన పాత అరలు ఉన్నాయి, ఎత్తున ఉన్నాయి, నీళ్ళు అక్కడికి ఎక్కాయో లేదో వాళ్ళకు తెలియలేదు. రేపు తాడు తీసుకుని మళ్ళీ పోతారు. ఇవాళ ఇక పోవడానికి లేదు, పైన నేల కాలుతోంది.

రాత్రంతా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను. లైను చచ్చిపోయిందని నాకు తెలుసు.

ఇందాక లక్ష్మీరాజం నా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఓదెలుకు చిన్నప్పటి నుంచి స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. మస్టర్ ముగించాలట. రెండు వందల పదకొండు మందికి "పైన" అని ఉంది. ఒక్క పేరు మిగిలింది. తెర తిప్పి చూపించాడు.

ఓదెలు. లోపల. క్షేమం.

నిన్న పొద్దున షిఫ్టు ఎక్కినప్పుడు తనే కొట్టుకున్న గుర్తు అది. దాన్ని చూడగానే నా గుండె ఎంత హాయిగా అయిందో చెప్పలేను. అబద్ధమని తెలిసీ హాయి అయింది. లోపల, క్షేమం. ఎంత చక్కటి మాటలు. చాలాసేపు వాటినే చదువుకున్నాను.

గట్టయ్య వెనకాలే వచ్చాడు. "ఉండనియ్యి బిడ్డా," అన్నాడు మెల్లగా. "మార్చకు. మనిషి దొరికేదాక గట్లనే ఉండనియ్యి. నీకు ధైర్యంగ ఉంటది."

"మార్చాలంటే గూడ దారి లేదు వదినా," అన్నాడు లక్ష్మీరాజం. "గీ తెరల మూడే మాటలున్నయి. పైన, లోపల క్షేమం, చనిపోయిన్రు. గా మూడోది నేనైతే కొట్ట. నా చేతులు రావు."

నేను కూడా కొట్టను. దానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. మొదటిదానికీ లేదు, రెండోదానికీ లేదు.

అతన్ని లేపి నేను కూర్చున్నాను. మస్టర్ ప్రోగ్రాం విప్పి నాలుగో మాట ఒకటి చేర్చాను. పెద్ద పనేమీ కాదు, ఆరు లైన్లు. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి ఎక్కింది. ఓదెలు పేరు ఎదురుగా ఉన్నది చెరిపి, దాన్ని కొట్టాను.

ఓదెలు. తెలియదు.

కొట్టాక ఏడ్చాను. వాళ్ళిద్దరూ ఉండగానే బాగా ఏడ్చాను. గట్టయ్య నా నెత్తి మీద చేయి పెట్టాడు.

లక్ష్మీరాజం పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "రేపు గూడ గిదే పెట్టాల్నా వదినా?"

"రేపు మల్ల వచ్చి అడుగు," అన్నాను. "ఇయ్యాల్టిది రేపు చూపియ్యకు."